చెక్కభజనలో కూర్చున్న ఆటపెట్టె

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు తన సెల్‌ఫోనులో ఒక వీడియో చూపించింది. ఏదో చలిదేశంలో, రంగురంగుల దీపాల కింద, ఒకాయన ఇటుకరాయంత బూడిదరంగు ఆటపెట్టెను చేతిలో పట్టుకుని నిలబడి, దాని మూలన బిగించిన మీటను నెమ్మదిగా తిప్పుతున్నాడు. ఆ పెట్టెలోంచి వచ్చే కీచుస్వరాలకు ఎదురుగా జనం ఒళ్ళు మరిచి ఎగురుతున్నారు. పాత ఆటపెట్టెలను విప్పి ఇలా వాయిద్యాలుగా మార్చుకోవడం ఇప్పుడు పెద్ద మోజని, దీనికోసం విదేశాల్లో ప్రత్యేకంగా కచేరీలే జరుగుతాయని పిల్లది నాకు ఓపికగా వివరిస్తూంటే, నేను కాఫీ గ్లాసు కింద పెట్టి, ఆ మీట ఎక్కడ బిగించారో మాత్రం చూశాను. మేం బిగించిన చోటే ఉంది, కుడివైపు పై మూలన, చూపుడువేలికి అందేటట్టు. పిల్లది వెళ్ళాక కాగితాలు ముందేసుకున్నాను. నోటితో చెప్పడం కన్నా కాగితం మీద పెట్టడమే నాకు మొదటినుంచీ సుళువు.

మన తరం వాళ్ళకు ఆ పెట్టె గుర్తుండే ఉంటుంది. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో అది అప్పటికే పాతబడిన వస్తువు. వెనక పెన్సిల్ సెల్లులు, ముందు పాచిరంగు తెర, కింద నాలుగు మీటలు. అంతకుముందు పదేళ్ళ నాడు గల్ఫు నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళలో పిల్లలు దానిమీద ఇటుకలు పేర్చే ఆట ఆడుతూంటే మనం కిటికీలోంచి చూసినవాళ్ళమే. నేను డిగ్రీ ముగించి, అనంతపురంలో మా చిన్నాయన నడిపే రేడియో, టీవీ రిపేరు అంగడిలో చేరిన కాలానికి అలాంటివి పాడైపోయి, బెంగుళూరు పాతసామాన్ల సంతలో గోనెసంచుల్లో వచ్చేవి. చిన్నాయన వాటిని స్పీకర్లకోసం, మీటలకోసం కొనేవాడు.

నేను ఆ అంగడిలో చేరడానికి పెద్ద కారణమేమీ లేదు. టీచరు ఉద్యోగానికి పోతే పిల్లల ముందు నిలబడి మాట్లాడాలి, ఆఫీసులో చేరితే పదిమంది మధ్య కూర్చోవాలి, రెండూ నావల్ల కావని ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నాయన అంగడిలో అయితే విప్పిన టీవీ డబ్బాల వెనక కూర్చుని సాల్డరింగ్ చేసుకోవచ్చు, ఎవరైనా గిరాకీ వస్తే ఇంకాస్త వంగి కూర్చోవచ్చు. మధ్యాహ్నాలు లైబ్రరీ పుస్తకాలు చదువుకోవచ్చు, సాయంత్రం డైరీ రాసుకోవచ్చు. నా వేళ్ళు సన్నగా ఉండటం, చెయ్యి వణక్కపోవడం చూసి చిన్నాయన సన్నపని అంతా నాకే ఇచ్చేవాడు. నేను మాట్లాడకపోవడం కూడా ఆయనకు నచ్చేదనుకుంటాను, ఎందుకంటే ఆయన అంగడిలో ఎప్పుడూ ఏదో ఒక రేడియో మాట్లాడుతూనే ఉండేది.

అలా ఒకసారి వచ్చిన సంచిలో ప్రాణమున్న పెట్టె ఒకటి దొరికింది. దాని వెనక మరలకు మూడు రెక్కల గాడి ఉండేది, మన స్క్రూడ్రైవరు ఏదీ పట్టేది కాదు. చిన్నాయన పాత బాల్‌పెన్ను గొట్టాన్ని కొవ్వొత్తి మీద మెత్తబరిచి, ఆ మరమీద నొక్కి చల్లారనిచ్చి, దాన్నే తాళంచెవిలా తిప్పి విప్పాడు. ఆ పెన్ను చాలాకాలం మా బల్లమీద ఉండేది, తెలియక రాయబోయినవాళ్ళను చూసి నవ్వుకునేవాళ్ళం. అదే ఏడు బెంగుళూరులో ఇంజినీరింగు చదువుతున్న మా పెద్దమ్మ కొడుకు, నేను అన్న అనేదాన్ని, ఆ పెట్టెలో దూర్చే క్యాసెట్టు ఒకటి తెచ్చి ఇచ్చాడు. అందులో ఆట లేదు. పాట కట్టుకునే ఏర్పాటు ఉంది. తెరమీద గళ్ళు, గళ్ళలో ఇంగ్లీషు అక్షరాల్లో స్వరాలు, బస్టాండులో బస్సుల వేళలు రాసిన బోర్డులాగా పైనుంచి కిందికి ఉండేవి. నాలుగు గొంతులు, అందులో రెండు సన్నాయిలా సన్నగా పలికేవి, ఒకటి లావుగా మూలిగేది, ఇంకొకటి ఉత్త బుస్సుమనే చప్పుడు, దాన్ని ముక్కలు చేస్తే తాళమయ్యేది. విదేశాల్లో ఎవరో సరదాకి తయారుచేసుకున్నదట. అన్నకు అది విసుగుపుట్టి నా ముందు పెట్టిపోయాడు. నేను స రి గ మ పక్కన ఆ అక్షరాలు రాసుకుని, వారం తిరిగేసరికి మా ఊరి భజన పాటలన్నీ అందులో పలికించాను.

ఎందుకు భజన పాటలే అంటే, నాకు వచ్చినవి అవే. మా ఊరు గుమ్మఘట్ట దగ్గర, ఎర్రమన్ను, చెనిక్కాయ చేలు, సగం ఇళ్ళలో తెలుగు సగం ఇళ్ళలో కన్నడం. మా నాయన చేను చేసుకుంటూనే చెక్కభజన నేర్పే గురువు. కాళ్ళకు గజ్జెలు, చేతుల్లో బిళ్ళలు తాపిన చెక్కలు, నోట్లో ఈల. ఆయన ఈల ఊదితే వరస మారుతుంది, చెయ్యెత్తితే పాట ఆగుతుంది, ఆయన తప్ప ఇంకెవరూ ఆపడానికి లేదు. దళంలో అందరూ రైతులే, కూలివాళ్ళే. శృతికి హార్మోనియం వాయించే మామ ఒకడు ఉండేవాడు, మా అమ్మకు దూరపు తమ్ముడు. నా చిన్నతనంలో ఆయన పక్కన కూర్చునే నేను మెట్లు నొక్కడం నేర్చుకున్నాను.

వరసగా వానలు పోయిన ఏళ్ళవి. పల్లెల్లో ఒక్కొక్కరే బెంగుళూరు కట్టడాల పనికి పోతున్నారు. హార్మోనియం మామ కూడా ఆ ఎండాకాలం భార్యాపిల్లలతో, హార్మోనియంతో సహా లారీ ఎక్కేశాడు. అది జరగడానికి కొంచెం ముందే కన్నడ సరిహద్దుకు అవతలి ఊరివాళ్ళు తమ జాతరకు, మేం పరష అంటాం, రమ్మని వచ్చి ఒప్పందానికి గుర్తుగా వక్కాకు ఇస్తే నాయన తీసుకున్నాడు. మావైపు వక్కాకు తీసుకున్న దళం పోకుండా ఉండటమనేది లేదు. ఇంట్లో చావు జరిగితే తప్ప వక్కాకు వెనక్కి ఇవ్వరు. అంతకుముందు ఏడు ఒకసారి హార్మోనియం లేకుండా ఆడితే, ఒక్కో గొంతు ఒక్కో దారిపట్టి జనం మూతులు మూసుకుని నవ్వారు. ఈసారీ అలాగే అయితే చెక్కలు అటక మీద పెట్టేస్తానని నాయన అన్నాడు. చెక్కలు అటకెక్కితే దళంలో తక్కినవాళ్ళూ మామ పోయిన దారినే పోతారని నాయనకు తెలుసు, మాకూ తెలుసు. సాయంత్రం భజన ఉంది కాబట్టే వాళ్ళలో కొందరు ఇంకా ఊళ్ళో ఉన్నారు.

నేను ఆటపెట్టెను ఊరికి తీసుకుపోయి నాయనకు వినిపించాను. ముందుగా చిన్నాయనా నేనూ కలిసి దాన్ని కొంచెం బాగుచేశాం. పెట్టె సొంత స్పీకరు ఈగ రొదలా ఉండేది, చెవికి పెట్టుకునే రంధ్రంలోంచి తీస్తే వెనకాల బుర్రుమనే మోత. అందుకని వాల్యూమ్ కంట్రోల్ పిన్ను దగ్గరే సన్నని వైరు అతికించి, డబ్బాకు పక్కన చిల్లు కాల్చి, శబ్దాన్ని శుభ్రంగా బయటికి తెచ్చి మైకుసెట్టుకు కలిపే సాకెట్టు పెట్టాం. అలా కలిపినప్పుడు ఆ చిన్నదాని గొంతు ఊరి చివర వరకూ వినబడింది. నాయన ముఖంలో వెలుతురు వచ్చింది. దళాన్ని పిలిపించి, మా ఇంటి ముందు కళ్ళంలో ఆ మధ్యాహ్నమే సాధకం పెట్టాడు. ఇంకో మాట, ఆ తెరకు దీపం ఉండేది కాదు, ఇంట్లో ఏమీ కనబడేది కాదు, మా అనంతపురం ఎండలో మాత్రం అచ్చుపుస్తకంలా స్పష్టంగా ఉండేది. మా ఎండను మెచ్చుకున్న వస్తువు అదొక్కటే.

సాధకం మొదట్లో బ్రహ్మాండంగా సాగింది. తర్వాత చెడింది. చెక్కభజన తెలిసినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు, అది ఎద్దుల నడకలా మొదలై, అడుగు అడుగుకూ ఉడుకెక్కి, చివరికి చూసేవాళ్ళ గుండె కూడా దానితో కొట్టుకునే వేగానికి పోతుంది. అది ఎక్కడ పెరుగుతుందో గురువు కాళ్ళను బట్టి ఉంటుంది, ఆనాటి గాలిని బట్టి ఉంటుంది. నా పెట్టె మాత్రం మొదలుపెట్టిన నడకలోనే పోతోంది. దళం ముందుకు పోయింది, పాట వెనకబడింది, చెక్కలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మద్దెల వాయించే మా పెదనాయన వాయిద్యం ఒళ్ళోంచి దించి, ఎగతాళి చేశాడు.

“ఏమ్మా, నీ పెట్టె ఆర్టీసీ బస్సు మాదిరి ఉండాదే. ఎక్కినోళ్ళు ఎక్కండి, లేనోళ్ళు ఆడనే నిలబడండి అంటాండాది.”

అందరూ నవ్వారు, నేనూ తలవంచుకుని నవ్వాను. తెరమీద వేగం అంకె మార్చవచ్చు, మార్చి చూపించాను కూడా. కానీ అది మెట్లెక్కినట్టు ఎగిరి ఎగిరి పెరిగేది, అడుగుకూ అడుగుకూ మధ్య కుదుపు. పైగా పరషలో ఆట పొద్దుగూకే వేళ, అప్పుడు ఆ తెర కనబడదు. నాయన నవ్వలేదు. గజ్జెలు విప్పుకుంటూ, నన్ను నొప్పించకుండా, ఉన్న మాట చెప్పాడు.

“పాపా, మీ మామ మా కాళ్ళు సూసి వాయిస్తాండె. ఇది ఎవుర్నీ సూడదు.”

అనంతపురం బస్సులో తిరిగివస్తూ దారిపొడుగునా ఆ మాటే నమిలాను. లైబ్రరీలో చదివిన ఒక పాత ఎలక్ట్రానిక్సు పత్రికలో, ఇలాంటి యంత్రాలన్నిటికీ లోపల క్రిస్టల్ అనే చిన్న రేకుబిళ్ళ ఉంటుందని, అది కొట్టే లెక్కకే యంత్రమంతా నడుస్తుందని ఉంది. ఆ బిళ్ళ మొండిది, పుట్టినప్పటి లెక్క తప్పదు. దాన్ని తీసేసి, ఆ స్థానంలో మనం తిప్పినకొద్దీ వేగం మారే చిన్న ఐసీ ఒకటి, దానికి రేడియోల్లో వాడే వాల్యూమ్ కంట్రోలు ఒకటి పెడితే? మర్నాడు చిన్నాయనకు కాగితం మీద గీసి చూపించాను. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పరష ఇంకో వారముంది. ప్రాణమున్న పెట్టె అదొక్కటే.

“క్రిస్టల్ తీసినామంటే గుండె తీసినట్లే పాపా. మళ్ళా కొట్టుకోకుంటే మీ నాయనకు మొగం సూపీలేం.”

తీద్దాం చిన్నాయనా అన్నాను. నా జీవితంలో పెద్దవాళ్ళకు ఎదురుగా అంత స్పష్టంగా అన్న మొదటి మాట అదేననుకుంటాను. ఆయన ఆ సాయంత్రమే ఐసీకోసం బెంగుళూరుకు మనిషిని పంపాడు.

తీశాం. మొదటిసారి పెట్టె మేలుకుని, తెరమీద నల్లగీత ఒకటి గీసి ఊరుకుంది. అతుకు విప్పి, వైరు పొట్టిచేసి, మళ్ళీ అతికించాను. చిన్నాయన అంగడి తలుపు సగం దించి, గిరాకీలను వెనక్కి పంపుతూ పక్కన నిలబడ్డాడు. రెండోసారి అది పలికింది. డబ్బా పై మూలన బిగించిన కంట్రోలు మీట తిప్పితే పాట కుదుపు లేకుండా, బావిలోంచి బొక్కెన లేచినట్టు సాఫీగా వేగమందుకుంది. అయితే వేగంతోపాటు శృతి కూడా పైకి జరిగింది, పాటల క్యాసెట్టును తొందరగా తిప్పినట్టు. చిన్నాయన తల పట్టుకున్నాడు. నేను మాత్రం లోపల్లోపల సంతోషపడ్డాను, ఎందుకంటే మా దళం సంగతి నాకు తెలుసు, ఉడుకెక్కినప్పుడు వాళ్ళ గొంతులు కూడా తెలియకుండానే పైకి పోతాయి, మామ కూడా మధ్యలో ఒక మెట్టు పైకి జరిగి వాళ్ళను అందుకునేవాడు. వాళ్ళకిది సరిగ్గా సరిపోతుంది. ఒక్కటే భయం, మీటను ఒక హద్దు దాటి తిప్పితే యంత్రం తట్టుకోలేక బిగుసుకుపోతుంది. అప్పుడు ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. ఆ హద్దు దగ్గర చీకట్లో వేలికి తగిలేటట్టు ఒక లెడ్డుచుక్క, సాల్డరింగు సీసం బొట్టు, అతికించాను.

పరష రోజు పొద్దు వాలుతూండగా ట్రాక్టరులో అవతలి ఊరు చేరాం. నేను ముందే అనుకున్నదేమిటంటే, మైకుసెట్టు డబ్బాల వెనక గోనె పరుచుకుని కూర్చుంటాను, ఎవరికీ కనబడను, పని కానిచ్చేస్తాను. డబ్బాల వెనక సర్దుకుని కూర్చున్నాను కూడా. నాయన గజ్జెలు కట్టుకుని వచ్చి, నన్ను వెతికి, దళం ఆడబోయే బయలు ముందు, జనానికి ఎదురుగా, మద్దెల పెదనాయన పక్కన చోటు చూపించాడు.

“ఈడ కూచో పాపా. ఆడ కూచుంటే నా కాళ్ళు నీకు యాడ కనపడతాయి?”

గోనె చుట్టుకుని లేచాను. మగవాళ్ళ దళం ముందు ఒక ఆడపిల్ల, ఒళ్ళో పిల్లల ఆటబొమ్మ పెట్టుకుని, ఊరు ఊరంతా చూస్తూండగా కూర్చుంది. ఎవరో నవ్వారు. ఎవరో కన్నడంలో ఏదో అన్నారు. నాయన ఈల ఊదాడు, నేను మీట తాకాను. ఆ క్షణం నుంచి నాకు జనం కనబడలేదంటే నమ్మండి. నాయన కాళ్ళు తప్ప నాకు లోకం లేదు. ఆయన మడమ నేలకు తగిలే తీరును బట్టి వేలు జరిపేదాన్ని. ఆయన కొంచెం లాగితే నేనూ లాగేదాన్ని, ఆయన వరస మార్చబోతూ ఒక్క క్షణం నిలిస్తే నేనూ నిలిచేదాన్ని. ఎర్రదుమ్ము లేచి తెరను కప్పేసింది, చీకటి పడి అది అసలే కనబడలేదు. మద్దెల పెదనాయన ఒకసారి నావైపు చూసి తల ఊపి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. గొంతులన్నీ ఒక్క గొంతై, శృతితోపాటు పైకి లేచాయి. ఒక పాట అయితే ఇంకొకటి, ఒకటి ముగించబోతే ముందువరుసలో కూర్చున్న కన్నడపు అవ్వ ఒకామె “ఇన్నొమ్మె” అంటూ ఇంకోసారి అడిగేది, నాయన మళ్ళీ అందుకునేవాడు.

ఆఖరి పాటలో నాయనకు పూనకం వచ్చినట్టయింది. ఎన్నడూ పోనంత వేగానికి పోయాడు. నా వేలికి లెడ్డుచుక్క తగిలింది. ఆయన కాళ్ళు ఇంకా అడుగుతున్నాయి, ఇంకా, ఇంకా. ఇంకొక వెంట్రుకవాసి తిప్పితే పెట్టె బిగుసుకుంటుంది, పాట నడిమధ్యలో తెగుతుంది, ఊరి ముందు దళం నవ్వులపాలవుతుంది. తిప్పకపోతే కళ్ళంలో జరిగినట్టే కాళ్ళు పాటను దాటిపోతాయి. చెప్పడానికి నోరు చాలదు, ఆ మోతలో ఎవరికి వినబడుతుంది? నేను ఎడమచెయ్యి పైకెత్తాను. గురువు ఎత్తవలసిన చెయ్యి, జనమంతా చూస్తూండగా నేను ఎత్తాను. తలెత్తి మొదటిసారి ఆయన ముఖంలోకి చూశాను. నాయన చూశాడు. ఒక చుట్టు అదే వేగంలో తిరిగి, పెద్ద ఈల ఊది, రెండు చెక్కలూ ఒక్కసారిగా తాకించి నిలిచిపోయాడు. దళమంతా ఆ ఒక్క దెబ్బతో నిలిచింది. నేను మీట వెనక్కి తిప్పాను, పాట మెల్లగా దిగి నేలమీద కూర్చుంది. ఆ వెంటనే లేచిన చప్పట్లు నాకిప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

ట్రాక్టరు ఎక్కేముందు నాయన నా పక్కకు వచ్చి మోకాళ్ళు ఒత్తుకుంటూ కూర్చున్నాడు. కోప్పడతాడేమోనని నాకు లోపల బెదురుగానే ఉంది.

“మంచిపని చేస్తివి. మోకాళ్ళు ఎప్పుడో చెప్పినాయి, నేనే వినకుంటి.”

అవతలి ఊరి పెద్దలు అక్కడికక్కడే వచ్చే ఏటికి వక్కాకు ఇచ్చారు. నాయన దాన్ని తీసుకుని నా చేతిలో పెట్టాడు. దళం ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆడింది, బెంగుళూరు పోయినవాళ్ళు కూడా పరషలకు సెలవు పెట్టి వచ్చి గజ్జె కట్టారు. హార్మోనియం మామ ఒకసారి వచ్చి, నా పక్కన కూర్చుని, పెట్టెనూ నన్నూ చాలాసేపు చూసి, మీట ఒకసారి తానూ తిప్పి, పరవాలేదన్నాడు. ఆ ‘పరవాలేదు’ను ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. పెట్టెకు తర్వాత్తర్వాత తెరమీద గీతలు చచ్చిపోయాయి, సెల్లులు కారి లోపలి రాగి తినేశాయి. నేను మాత్రం టీవీ డబ్బాల వెనక్కి మళ్ళీ పోలేదు. గిరాకీలతో నేనే మాట్లాడేదాన్ని, చిన్నాయన తర్వాత ఆ అంగడి నేనే నడిపాను.

ఇప్పుడు మావైపు ఊరూరా ఆడపిల్లల చెక్కభజన దళాలున్నాయి. ఒకే రంగు చీరలు, ఒక్క అడుగు తప్పు పోదు, చూడముచ్చటగా ఉంటారు, నేను ముందువరుసలో కుర్చీ వేసుకుని చూస్తాను. పాటలు బెంగుళూరు స్టూడియోల్లో కట్టించి పెన్‌డ్రైవులో తెచ్చుకుంటారు. స్పీకరు మీద చిన్న తెర ఉంటుంది, పాట మొదలయ్యే ముందే అది ఎంతసేపు నడుస్తుందో అందులో అంకెలు వెలుగుతాయి, ఆ అంకెలు తరుగుతూ వచ్చి సున్నా అయినచోట పిల్లలు సరిగ్గా చేతులు దించుతారు. బాగుందని నేనూ చప్పట్లు కొడతాను. కానీ మా కాలంలో పాట ఎంతసేపుంటుందో పాడేవాళ్ళకూ తెలిసేది కాదు, ఆడేవాళ్ళకూ తెలిసేది కాదు. అది ఎదుటివాళ్ళ ముఖాల్లో ఉండేది. మొన్న పిల్లల ఆట అయిపోయాక, అలవాటు కొద్దీ నేను “ఇంకోసారి” అన్నాను. గజ్జెలు విప్పుకుంటున్న పిల్ల నావైపు ప్రేమగానే చూసి, పాట అయిపోయింది అవ్వా అంది.